ఎక్కిన గేరులోనే దిగండి

వ్యక్తిత్వ వికాసం పుస్తకాల అర ముందు నిలబడి పేర్లు చదవండి. ఎదగడం, గెలవడం, శిఖరం చేరడం, అనుకున్నది సాధించడం. అన్నీ ఎక్కుడు పుస్తకాలే. ఎక్కినవాడు దిగేదెలాగో చెప్పే పుస్తకం నాకింతవరకు కనపడలేదు. ఆ పాఠాన్ని మనం డ్రైవర్లకు వదిలేశాం. వాళ్లకది బాగా వచ్చు. తిరుమల ఘాట్ రోడ్ల మీద టీటీడీ పెట్టిన కనీస సమయాలు చూడండి: ఎక్కడానికి 28 నిమిషాలు, దిగడానికి 40. ఇంజన్ రొప్పుతూ ఎక్కే దారికి తక్కువ సమయం, ఊరికే జారిపోయే దారికి ఎక్కువ సమయం. ఈ రూలు రాసిందెవరో గానీ బండినే కాదు, మనిషిని కూడా చదివినవాళ్లే.

నేనుండేది కౌలాలంపూర్‌లోని బ్రిక్‌ఫీల్డ్స్‌లో. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో ఊరికి ఇటుకలు కాల్చిన బట్టీల వల్ల వచ్చిన పేరది. క్లాంగ్ నదికి దగ్గర్లో, కేఎల్ సెంట్రల్ స్టేషన్‌ను ఆనుకుని ఉంటుంది. నేలంతా చదును. కొండ దిగడం గురించి మాట్లాడటానికి ఇంతకంటే పనికిరాని చోటు ఉండదనిపిస్తుంది. అయితే తెల్లవారకముందే లేచి జలాన్ తున్ సంబందన్ పూలకొట్ల వైపు నడిచి చూడండి. కామెరాన్ హైలాండ్స్ కొండల నుంచి చామంతి కట్టలు, క్యాబేజీ బుట్టలు వేసుకుని డీజిల్ పికప్‌లు, చిన్న లారీలు వచ్చి ఆగుతుంటాయి. అక్కడి తనా రాటా ఊరు సముద్రమట్టానికి దాదాపు 1,440 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడి నుంచి కింద తాపా చేరాలంటే అరవై కిలోమీటర్ల మెలికల రోడ్డు దిగాలి. దిగాక చాలామంది తాపాలో టీ కోసం ఆపుతారు. అప్పుడు చక్రం దగ్గరికి వెళ్లి వాసన చూస్తే డ్రైవర్ ఎలాంటివాడో ఇట్టే తెలుస్తుంది. మాడిన వాసన వచ్చిందంటే దారి పొడుగునా బ్రేకు మీద కాలేసుకుని దిగినవాడు. వాసన లేదంటే కొండమీదే గేరు మార్చుకున్నవాడు.

ఇక్కడికి పూల లోడు తెచ్చే ఒక పెద్దాయన రెండో రకం. పెరాక్ రాష్ట్రంలోని తోటల్లో పుట్టిన తెలుగువాడు. "ఎక్కిన గేరులోనే దిగాలి తమ్ముడూ. కొండ మీదుండగానే మొదలెట్టాలి. పరుగు అందుకున్నాక గేరు పడదు లా" అంటాడు మలేసియా యాసలో. ప్రపంచంలో ఘాట్ రోడ్డు ఉన్న ప్రతి ఊళ్లోనూ పాత డ్రైవర్లు చెప్పే మాటే ఇది. కానీ ఆయన బండిలో ఇంకో ఏర్పాటుంది. స్టీరింగ్ పక్కన చిన్న మీట. అదే ఎగ్జాస్ట్ బ్రేకు. నేను చెప్పదలుచుకున్నదంతా ఆ మీట చుట్టూనే.

ముందు అది పనిచేసే తీరు చూద్దాం. పెట్రోలు బండిలో యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీస్తే లోపలికి గాలి వెళ్లే దారి మూసుకుపోయి ఇంజనే బండిని కొంత వెనక్కి పట్టుకుంటుంది. డీజిల్ ఇంజన్లో గాలిదారికి మామూలుగా అలాంటి అడ్డు ఉండదు. కాలు తీసినా దిగుడులో హాయిగా పరుగెడుతూనే ఉంటుంది. అందుకని పొగ బయటికి పోయే గొట్టంలో, టర్బో దాటిన తర్వాత, గుండ్రటి రేకు తలుపొకటి పెట్టారు. మీట వేస్తే అది అడ్డం తిరుగుతుంది. బయటికి దారిలేక గొట్టంలో ఒత్తిడి మూడు నాలుగు బార్ల దాకా పెరుగుతుంది. (అప్పుడు డీజిల్ అందదు కాబట్టి అది పొగ కాదు, ఉత్త గాలే.) పిస్టన్ పైకొచ్చి ఆ గాలిని నెట్టాలంటే ఒత్తిడితో కుస్తీ పట్టాలి. ఆ కుస్తీలో ఇంజన్ బిగుస్తుంది, దాంతో చక్రాలూ నెమ్మదిస్తాయి. లైనింగులు అరగవు, డ్రమ్ములు కాలవు. బండిని ఇంతసేపూ లాక్కొచ్చిన ఇంజనే ఇప్పుడు దాన్ని పట్టి ఆపుతుంది.

హైలక్స్, డీ-మాక్స్ లాంటి పికప్‌లకు ఇది మామూలుగా కంపెనీ నుంచి రాదు. ఇసుజు, హినో చిన్న లారీలకు వస్తుంది. బరువులు మోసే పికప్‌వాళ్లు కొందరు విడిగా బిగించుకుంటారు. లేనివాళ్లకు చిన్న గేరే దిక్కు. సూత్రం రెండింటిదీ ఒకటే.

అసలు ఇంత తతంగం దేనికి, కాలి కింద బ్రేకు ఉంది కదా అంటారేమో. ఒక లెక్క చెప్తాను. సరుకుతో కలిపి మూడు టన్నులున్న బండి 1,400 మీటర్లు కిందికి దిగిందంటే దాదాపు 41 మెగాజౌళ్ల శక్తి ఎక్కడో ఒకచోట ఖర్చవ్వాలి. అది 140 లీటర్ల నీళ్లను కుళాయి చల్లదనం నుంచి మరిగేదాకా తేగల వేడి. గాలికీ టైర్లకూ పోయింది తీసేసినా మిగిలిందంతా నాలుగు చక్రాల దగ్గర అరచేతి వెడల్పు లైనింగుల మీద పడుతుంది. వేడెక్కిన డ్రమ్ము వ్యాకోచించి లైనింగుకు దూరం జరుగుతుంది. లైనింగుకు పట్టు తగ్గుతుంది. బ్రేకు ఆయిల్ మరిగి బుడగలు కడితే పెడల్ మెత్తబడి నేలకు ఆనుతుంది. అంటే బ్రేకును మరీ ఎక్కువగా నమ్ముకున్నవాడికే, సరిగ్గా కావలసిన మలుపులోనే, బ్రేకు ఉండదు.

ఇది మాటవరసకు చెప్పడం కాదు. 2013 ఆగస్టు 21న మాకు గంట దూరంలో ఉన్న గెంటింగ్ హైలాండ్స్ నుంచి దిగుతున్న బస్సు లోయలో పడి 37 మంది పోయారు. మలేసియాలో దిగుడు రోడ్ల గురించి మాట్లాడే ఎవరూ ఆ తేదీని మరిచిపోరు. ఇక్కడ ఘాట్ రోడ్ల మీద మలయ్ భాషలో ఒక బోర్డు కనిపిస్తుంది: "గునాకాన్ గియర్ రెండా". చిన్న గేరు వాడండి అని. ఆ బోర్డును ఎక్కడ పాతారో గమనించండి. దిగుడు మొదలయ్యే చోట. బండి పరుగందుకున్నాక లోయ అంచున కాదు.

ఇప్పుడు మన సంగతి. జీవితంలో దిగుడంటే కష్టకాలం అనుకుంటారు చాలామంది. కాదు. కష్టకాలం ఎక్కుడు. ప్రతి అడుగుకూ కాలు నొక్కాలి, ప్రతి మీటరూ తెలుస్తుంది. ఎవరూ అప్పుడు వేగం మీరి చెడిపోరు. యాక్సిలరేటర్ మీద కాలు లేకపోయినా దానంతటదే వేగం పెరిగే చోటు దిగుడు. జీతం పడిన మొదటి వారం దిగుడు. దీపావళి సీజన్లో అమ్మకాలు ఊపందుకున్న కొట్టువాడి చేతిలో డబ్బాడే నెల దిగుడు. నలుగురూ పొగుడుతున్న రోజులు దిగుడు. ఊళ్లో పొలం పంపకాల గురించి అన్నదమ్ముల మధ్య ఆదివారం రాత్రి సాగే ఫోను మంచి నిటారు దిగుడు. మొదట్లో అందరూ మెల్లగానే మాట్లాడతారు. పది నిమిషాలకు ఎవరూ గొంతు పెంచాలని అనుకోకుండానే గొంతులు పెరుగుతాయి.

అలాంటి చోట్ల మనకు అలవాటైన పద్ధతి కాలి బ్రేకు. పోనిచ్చి పోనిచ్చి, చివర్లో గట్టిగా తొక్కడం. ఇరవయ్యో తారీఖున హఠాత్తుగా పొదుపు మొదలెట్టడం. మాటలన్నీ అనేశాక "సరే ఆపేద్దాం" అనడం. ఎవరో అడిగిన ప్రతి పనికీ ఒప్పుకుని, చివరి రోజున ఫోను ఎత్తకపోవడం. ఒకసారి రెండుసార్లు పనిచేస్తుంది. మూడోసారికి పెడల్ మెత్తబడుతుంది.

రోడ్డు పేరులో ఉన్న మనిషి

పూలకొట్లున్న వీధి పేరు తున్ సంబందన్ అన్నాను కదా. ఆయన మలేసియన్ ఇండియన్ కాంగ్రెస్‌కు 1955 నుంచి 1973 దాకా అధ్యక్షుడు, మంత్రి కూడా. ఈ వీధిలో రోజూ నడిచేవాళ్లలో సగం మందికి ఆయన చేసిన పని తెలియదు. నా దృష్టిలో ఎగ్జాస్ట్ బ్రేకుకు అంతకంటే మంచి ఉదాహరణ లేదు.

మలయాకు 1957లో స్వాతంత్ర్యం వచ్చింది. ఆ రోజుల్లో బ్రిటిష్ యజమానులు రబ్బరు తోటలు అమ్ముకుని వెళ్లిపోవడం మొదలుపెట్టారు. కొన్నవాళ్లు పెద్ద తోటను ముక్కలు చేసి అమ్మేవారు. తోట ముక్కలైతే కూలీకి పని పోతుంది. పనితోపాటు తోట లైన్లలో ఉన్న ఇల్లూ పోతుంది. ఈ కూలీల్లో తమిళులే ఎక్కువ. ఉత్తరాంధ్ర తీరం నుంచి, గోదావరి వైపు నుంచి వచ్చిన మనవాళ్లూ తోటల్లో ఉన్నారు. వాళ్లలో చాలామందికి ఈ దిగుడు కనిపించలేదు. ఎందుకంటే చేతికి కూలి ఇంకా వస్తూనే ఉంది. పొద్దున్నే పాల గిన్నెలు పట్టుకుని చెట్లకు గాట్లు పెట్టడం ఎప్పటిలాగే సాగుతోంది. సంబందన్‌కు కనిపించింది. తోటతోటకూ తిరిగి చెప్పాడు. 1960లో జాతీయ భూ ఆర్థిక సహకార సంఘం పెట్టించాడు. వాటా వంద డాలర్లు. అప్పటి మలయా డాలర్లు. ఒక్కసారే కట్టనక్కర్లేదు, పది చొప్పున కట్టుకోవచ్చు. ఆ పది పదులూ పోగేసి సంఘం తోటలే కొనడం మొదలుపెట్టింది. కెడా రాష్ట్రంలోని బుకిట్ సిడిమ్ తోట అలా కొన్నదే. తోటలో కూలి చేసినవాళ్లే వాటాదారులయ్యారు.

ఇందులో రెండు విషయాలు పట్టుకోండి. ఒకటి, కూలి అందుతున్న రోజుల్లోనే మొదలెట్టారు. పని పోయాక వచ్చి పది డాలర్లు అడిగితే ఎవరిస్తారు? చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే అయ్యేది. రెండోది నాకు ఇంకా ఇష్టం: బయటి నుంచి ఎవరో వచ్చి ఆపలేదు. ఏ కూలితో ఇల్లు నడుస్తోందో ఆ కూలిలో నుంచే పట్టు పుట్టించారు. ఇంజన్ చేసేది అదే కదా.

మలేసియాలో ప్రైవేటు ఉద్యోగం చేసే ప్రతి పౌరుడికీ ప్రభుత్వం ఇలాంటి మీట ఒకటి బిగించే పెట్టింది. 1951 నుంచి ఉన్న ఈపీఎఫ్. జీతంలో 11 శాతం మన చేతికి రాకముందే పక్కకు వెళ్లిపోతుంది. కొత్తగా ఉద్యోగంలో చేరిన మన కుర్రాళ్లు దీని మీద సణుగుతారు. పదేళ్లున్నాక ఎవరూ సణగరు. 2024 మేలో ఈ ఖాతాకు ఒక మార్పు చేశారు. పడే సొమ్ములో 75 శాతం వృద్ధాప్యానికి, 15 శాతం ఇల్లు, చదువు, వైద్యం లాంటి అవసరాలకు, 10 శాతం ఎప్పుడంటే అప్పుడు తీసుకోవడానికి. ఆ పది శాతం చూసి ఇక పొదుపేముంది అన్నవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. ఎగ్జాస్ట్ బ్రేకు రేకు తలుపులు కూడా గొట్టాన్ని పూర్తిగా మూయవు. చాలావాటిలో చిన్న కన్నం ఉంటుంది. పూర్తిగా బిగించేస్తే ఒత్తిడి హద్దు మీరి ఇంజన్ కవాటాలే దెబ్బతింటాయి. మీ సొంత నియమాలకూ ఆ కన్నం ఉంచండి. "ఈ ఏడాది ఒక్క రింగిట్ వృథా చేయను" అన్నవాడు మార్చి దాటడు. "జీతం పడిన రోజునే ఇంత పక్కకు, మిగిలిందాంట్లో ఇంత నా ఇష్టం" అన్నవాడే డిసెంబరు చూస్తాడు.

కోపానికీ ఇదే మాట. నోరు మూసుకోమని నేను చెప్పడం లేదు. అది గొట్టాన్ని పూర్తిగా మూయడం. అన్నదమ్ముల ఫోను ఆదివారం వస్తుందని శనివారమే తెలుసు కదా. ఏం అడుగుతారో కూడా తెలుసు. అప్పుడే నిర్ణయించుకోండి: "కాగితాలు చూసి రేపు చెప్తాను అన్నయ్యా" అన్న ఒక్క మాట నోట్లో సిద్ధంగా పెట్టుకోండి. వేడెక్కాక అంత మంచి మాట తట్టదు. ముందే పెట్టుకుంటే అదే వచ్చేస్తుంది.

న్యూట్రల్ కొట్టే తెలివి

2024 జూన్ 10న మలేసియా ద్వీపకల్పంలో డీజిల్ సబ్సిడీ ఎత్తేశారు. ఒక్క రాత్రిలో లీటరు 2.15 రింగిట్ నుంచి 3.35కు ఎక్కింది. అలాంటప్పుడే పాత తెలివి ఒకటి బయటికొస్తుంది: దిగుడులో న్యూట్రల్ కొట్టి వదిలేస్తే డీజిల్ మిగులుతుందని. మన ఊళ్లలో లారీ, ఆటో డ్రైవర్లకూ ఇది బాగా తెలిసిన విద్యే. బండి చప్పుడు లేకుండా తేలిపోతుంటే నిజంగానే ఏదో మిగిలినట్టు అనిపిస్తుంది.

నిజం తలకిందులు. ఇప్పటి డీజిల్ ఇంజన్లు గేరులో ఉండి దిగుతున్నప్పుడు, కాలు తీస్తే, డీజిల్ సరఫరా పూర్తిగా ఆపేసుకుంటాయి. చక్రాలే ఇంజన్ను తిప్పుతుంటాయి. న్యూట్రల్ కొడితే ఇంజన్ ఆగిపోకుండా తిరగడానికి డీజిల్ తాగాలి. అంటే మిగల్చబోయి ఖర్చు పెట్టాం, పైగా పట్టు పోగొట్టుకున్నాం.

ఈ తెలివి మన రోజుల్లో ఎన్ని చోట్ల ఉందో చూడండి. టైము మిగులుతుందని నిద్ర తగ్గించడం. ఎందుకొచ్చిన గొడవ అని భార్యతో మాట్లాడాల్సిన మాట వాయిదా వేయడం. పిల్లవాడి మార్కులు బాగున్నాయి కదా అని ఏడాదంతా ఏమీ అడగకుండా వదిలేయడం. అంతా సాఫీగా పోతున్నట్టే ఉంటుంది. అదే న్యూట్రల్.

దీనికి సరిగ్గా ఎదురు తప్పు ఇంకొకటి ఉంది: పెడల్ మీద కాలు తీయకపోవడం. కొండ దిగేటప్పుడు బ్రేకు వాడాల్సి వస్తే ఎలా వాడాలో భారీ వాహనాల డ్రైవర్లకు నేర్పుతారు. గట్టిగా ఒకసారి నొక్కి, వేగాన్ని ఎనిమిది పది కిలోమీటర్లు తగ్గించి, పూర్తిగా వదిలేయాలి. మళ్లీ హద్దుకు వచ్చాక మళ్లీ నొక్కాలి. మెత్తగా నొక్కిపట్టి ఉంచడమే అన్నిటికంటే చెడ్డది, ఎందుకంటే లైనింగుకు చల్లబడే తెరిపి దొరకదు. పిల్లల ఫోను గురించి పొద్దుటి నుంచి రాత్రి దాకా సణిగే ఇళ్లు చూడండి. వాళ్లు బ్రేకు వేస్తున్నామనే అనుకుంటున్నారు. లైనింగు మాడుతోంది. రేపు నిజంగా వద్దు అని చెప్పాల్సిన రోజు ఆ వద్దుకు పట్టుండదు. ఒక్కసారి, స్పష్టంగా, అర్థమయ్యేలా చెప్పి వదిలేయండి.

కహోన్ కనుమలో 1931

ఇంజన్‌తోనే బండిని ఆపే విద్యలో ఎగ్జాస్ట్ బ్రేకుకు పెద్దన్న ఒకడున్నాడు. అమెరికాలో జేక్ బ్రేకు అంటారు. దాని కథ ప్రతి అసహనపరుడూ చదవాలి. క్లెస్సీ కమిన్స్ అని, కమిన్స్ డీజిల్ ఇంజన్లకు పేరిచ్చిన మనిషి. 1931లో తన ఇంజన్ గొప్పతనం చూపించడానికి న్యూయార్క్ నుంచి లాస్ ఏంజిలిస్‌కు లారీలో బయల్దేరాడు. కాలిఫోర్నియాలో కహోన్ కనుమ దిగుతుండగా బ్రేకులు పట్టు వదిలేశాయి. కింద రైలు పట్టాలు. వాటి మీద గూడ్సు బండి వెళ్తోంది. చివరి పెట్టె దాటిందీ, లారీ పట్టాలు దాటిందీ వెంటవెంటనే.

బతికి బయటపడ్డవాడు ఎవరైనా ఏం చేస్తాడు? మొక్కు తీర్చుకుంటాడు, నాలుగు రోజులు చెప్పుకుంటాడు. ఈయన ఆ దిగుడును పాతికేళ్లు మనసులో ఉంచుకున్నాడు. 1950లలో, కంపెనీ పనుల నుంచి తప్పుకున్నాక, సమాధానం దొరికింది. తన ఇంజన్లోనే డీజిల్ చిమ్మే భాగాన్ని తొక్కే కదలిక ఒకటి ఎప్పటి నుంచో ఉంది. సరిగ్గా కావలసిన క్షణంలోనే అది కదులుతోంది. దాన్నే వాడుకుని, గాలిని బాగా అదిమిన క్షణంలో పొగ కవాటం తెరిపిస్తే చాలు. ఇంజన్ గాలిని అదమడానికి పడ్డ శ్రమ తిరిగిరాకుండా పోతుంది. లారీ బిగుస్తుంది. డ్రిల్లు చక్‌లు చేసే జేకబ్స్ కంపెనీ 1961లో దాన్ని బజారులో పెట్టింది. కొత్త భాగం కోసం వెతికినంత కాలం దొరకలేదు. ఉన్న కదలికను వేరే పనికి వాడాలన్న ఆలోచనతో పని అయిపోయింది. మీలో అదుపు లేదని బాధపడుతుంటే ముందు మీ బలాన్ని చూడండి. లెక్కలు బాగా వచ్చినవాడు ఖర్చును లెక్కతో ఆపగలడు, ఒట్టుతో ఆపలేడు. మాటకారి తన కోపాన్ని హాస్యంలోకి తిప్పగలడు, మౌనంలోకి తిప్పలేడు.

మీటకు పనిలేని చోట్లు

ఇంతవరకు చదివి ఎగ్జాస్ట్ బ్రేకే సర్వరోగనివారిణి అనుకుంటే పొరపాటు. బ్రిక్‌ఫీల్డ్స్ వీధుల్లో అది ఎందుకూ పనికిరాదు. ఇంజన్ గట్టిగా తిరుగుతున్నప్పుడే ఆ తలుపుకు బలం. ట్రాఫిక్‌లో పాకే బండికి అదేమీ చేయదు. ఇక్కడ మలేసియా అంధుల సంఘం కేంద్రం ఉంది. 1951లో మొదలైన సంఘం. ఫుట్‌పాత్‌ల మీద కాలికి తగిలేలా పసుపు పలకలు పరిచారు. తెల్ల కర్రతో ఒకరు రోడ్డు దాటుతుంటారు, బండి చప్పుడును బట్టి దూరం లెక్కగడుతూ. అక్కడ కావలసింది ఎడంగా, పూర్తిగా, వెంటనే ఆగడం. కాలి బ్రేకే. రోజువారీ చిన్న చిరాకులకు పెద్ద వ్యూహాలు వద్దు. క్షమించండి అని ఒక మాట అని ఆగితే చాలు.

ఇంకో చిక్కుంది. దీన్ని నేను చాలామంది మంచివాళ్లలో చూశాను. ఎగ్జాస్ట్ బ్రేకు వేస్తే చాలా బండ్లలో వెనక ఎర్ర దీపం వెలగదు. మీరు నెమ్మదిస్తున్నారు, వెనకవాడికి తెలియదు. అందుకే తెలిసిన డ్రైవర్లు మీట వేసి, కాలి పెడల్‌ను ఊరికే అలా తాకిస్తారు, దీపం వెలగడానికి. తాను మారాలని నిశ్చయించుకున్న మనిషి చేసే మొదటి తప్పు ఇదే. ఎవరికీ చెప్పకుండా వేగం తగ్గిస్తాడు. రాత్రి ఎనిమిది తర్వాత ఆఫీసు మెసేజీలు చూడకూడదనుకుంటాడు, టీమ్‌కు చెప్పడు. ఊరికి పంపే డబ్బు ఈ ఏడాది తగ్గించాలనుకుంటాడు, అమ్మకు చెప్పడు, తగ్గించి పంపుతాడు. వెనక నుంచి వచ్చి గుద్దినప్పుడు "నన్ను ఎవరూ అర్థం చేసుకోరు" అంటాడు. దీపం వెలిగించావా నాయనా? "అమ్మా, వచ్చే నెల నుంచి ఇంతే పంపగలను, ఇదీ కారణం" అని రెండు వారాల ముందు ఒక ఫోను. అంతే పని.

ఇక ఖాళీ పికప్, వాన. ఎగ్జాస్ట్ బ్రేకు పట్టు ఇంజన్ తిప్పే చక్రాల మీదే పడుతుంది. పికప్‌లో మామూలుగా అవి వెనక చక్రాలు. వెనక సరుకుంటే అవి నేలను కరుచుకుని ఉంటాయి. లోడు దించేసి ఖాళీగా వెళ్తూ, తడిరోడ్డు మీద మీట వేస్తే వెనక భాగం పక్కకు జారిపోతుంది. కౌలాలంపూర్‌లో మధ్యాహ్నం వానలు ఎలా పడతాయో తెలిసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. వ్యక్తిత్వ వికాసం గురించి రాసే నాలాంటివాళ్లు తరచూ మరిచిపోయే సంగతి ఇది. ఉద్యోగం పోయి గదిలో కూర్చున్న కుర్రాడికి నిగ్రహం గురించి చెప్తాం. మనిషిని పోగొట్టుకున్న ఇంట్లో సంయమనం గురించి చెప్తాం. ఆ బండి ఖాళీగా ఉంది, రోడ్డు తడిగా ఉంది. అక్కడ బ్రేకు పాఠం వేస్తే ఇంకా జారతారు. వాళ్లకు కావలసింది కాస్త బరువు: చేయడానికి ఒక పని, తోడుగా ఒక మనిషి, వేళకు తిండి. నిగ్రహం సంగతి తర్వాత.

వాడకుండా వదిలేస్తే ఆ రేకు తలుపు మసి పట్టి బిగుసుకుపోతుంది. అవసరం లేకపోయినా అప్పుడప్పుడూ వేసి తీస్తుండమని మెకానిక్కులు చెప్తారు. దీనికి వివరణ అక్కర్లేదు.

చివరిది, అందరూ మరిచేది: మీట తీయడం. కొండ దిగి చదును రోడ్డెక్కాక కూడా మీట అలాగే ఉంచితే, యాక్సిలరేటర్ మీద కాలు తీసినప్పుడల్లా బండి కుదుపుతో ఆగబోతుంది. పక్కన కూర్చున్నవాడి చేతిలోని తే తారిక్ టీ ఒంటి మీద పడుతుంది. ఇలాంటి ఇళ్లు నేను ఎరుగుదును. ఇరవై ఏళ్ల క్రితం అప్పులు మోసిన తండ్రి. అప్పుడు ఆయన పట్టిన పట్టు వల్లే ఇల్లు నిలబడింది, కాదనను. అప్పు తీరింది. పిల్లలిద్దరూ సంపాదిస్తున్నారు. అయినా ఇప్పటికీ ఆయన ముందు ఎవరూ రెండో ఇడ్లీ ప్లేటు చెప్పలేరు, ఏసీ వేయాలంటే అనుమతి కావాలి, మనవరాలు ఐస్‌క్రీమ్ అడిగితే పది నిమిషాల ఉపన్యాసం. దిగుడు ఎప్పుడో అయిపోయింది. చదును నేల మీద బండి కుదుపులతో వెళ్తోంది, లోపల కూర్చున్నవాళ్లకు కడుపులో తిప్పుతోంది. ఆయనకు కొత్త గుణమేదీ నేర్పక్కర్లేదు. పక్కన కూర్చున్నవాళ్లెవరైనా ధైర్యం చేసి "నాన్నా, రోడ్డు చదునైంది, మీట తీసేయండి" అనాలి. ఎవరూ అనకపోతే ఈ వ్యాసం కత్తిరించి పేపరు మధ్యలో పెట్టి ఆయనకివ్వండి.